రోగం అక్షరాలు చదివారు, టీకా ఎప్పుడిస్తారు?

వానలు పడి పచ్చిక మొలిచిందంటే పశువుల కొట్టాల్లో పిడుదుల బెడద మొదలవుతుంది. కొన్ని జిల్లాల్లో వీటినే గోమార్లు అంటారు. చెవుల్లో, గంగడోలు కింద, పొదుగు చుట్టూ, తోక మొదట్లో గుత్తులుగా పట్టుకుంటాయి. చాలామంది దీన్ని దురద, తోలు పాడవడం వరకే లెక్కేస్తారు. పిడుదు తాగిన రక్తం నాలుగు రోజుల్లో మళ్లీ పడుతుంది. అది పశువు ఒంట్లో వదిలిపెట్టిన క్రిమి మాత్రం ప్రాణం మీదికి తెస్తుంది. పిడుదుల వల్ల మన పశువులకు ముఖ్యంగా మూడు రోగాలు వస్తున్నాయి: థైలేరియాసిస్, బెబీసియోసిస్, అనాప్లాస్మోసిస్. మొదటి రెండూ ఏకకణ పరాన్నజీవుల వల్ల వచ్చేవి. మూడోది బాక్టీరియా వల్ల వచ్చేది. ఆ బాక్టీరియా పేరు అనాప్లాస్మా మార్జినేల్.

ఈ నెల సంపాదకీయం ఈ మూడో రోగం గురించి. ఎందుకంటే ఈ బాక్టీరియా జన్యుక్రమాన్ని మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా శాస్త్రవేత్తలు చదివేశారు. 2005లో దాన్ని ప్రచురించి అందరి ముందూ పెట్టారు. ఇరవై ఏళ్లు దాటిపోయింది. శత్రువు ఇంటి పటం మొత్తం చేతికొచ్చి ఇంతకాలమైనా, మన మండల పశువైద్యశాల ఫ్రిజ్‌లో ఈ రోగానికి టీకా లేదు. చాలాచోట్ల రోగం ఇదేనని తేల్చే రక్తపరీక్ష కూడా లేదు. విజ్ఞానం ప్రయోగశాలలో పుట్టి కొట్టం దాకా ఎందుకు రావడం లేదు? అడగాల్సింది మనమే. అడగాలంటే ముందు విషయం తెలుసుకోవాలి.

రోగం ఎలా వస్తుంది

సికింద్రాబాదులో రొనాల్డ్ రాస్ 1897లో దోమ కడుపులో మలేరియా క్రిమిని కనిపెట్టిన సంగతి మనకు తెలుసు. అంతకు నాలుగేళ్ల ముందే, 1893లో, అమెరికాలో థియోబాల్డ్ స్మిత్, కిల్‌బోర్న్ అనే ఇద్దరు పశువుల టెక్సాస్ జ్వరం పిడుదుల ద్వారా వ్యాపిస్తుందని రుజువు చేశారు. కాళ్లున్న పురుగు ఒక జీవి నుంచి మరో జీవికి ఇలాంటి రోగాన్ని మోస్తుందని ప్రపంచానికి మొదట తెలిసింది మనుషుల రోగంతో కాదు, పశువుల రోగంతోనే. ఆ జ్వరం బెబీసియోసిస్. పశువుల ఎర్రరక్త కణాల అంచున వాళ్లకు చిన్న చుక్కలు కూడా కనిపించాయి గానీ, అవి వేరే రోగమని అప్పటికి తేలలేదు. దక్షిణాఫ్రికాలో ఆర్నాల్డ్ థైలర్ 1910లో ఆ చుక్కలు వేరే క్రిమి అని తేల్చాడు. కణం అంచున ఉంటుంది కనుక మార్జినేల్ అని పేరు పెట్టాడు.

ఈ క్రిమి ఎర్రరక్త కణాల్లో చేరి పెరుగుతుంది. పశువు ఒళ్లు ఆ కణాలను తనే నాశనం చేసుకుంటుంది. దాంతో రక్తహీనత వస్తుంది. క్రిమి సోకిన తర్వాత లక్షణాలు కనిపించడానికి వారం నుంచి రెండు నెలల దాకా పట్టవచ్చు. సాధారణంగా నాలుగు వారాలు. జ్వరం వస్తుంది, మేత మానేస్తుంది, పాలు ఒక్కసారిగా పడిపోతాయి. కంటి లోపలి పొర మొదట తెల్లగా పాలిపోయి, తర్వాత పసుపు తిరుగుతుంది. పేడ గట్టిపడుతుంది. చూడి పశువు ఈసుకుపోవచ్చు. ఒక తేడా గుర్తుపెట్టుకోవాలి. బెబీసియోసిస్‌లో మూత్రం ఎర్రగా, కాఫీ రంగులో పోస్తుంది. అనాప్లాస్మోసిస్‌లో మూత్రం ఎర్రబడదు. అందుకే చాలామంది మామూలు జ్వరమనో, కామెర్లనో అనుకుని నాటుమందులతో రోజులు గడిపేస్తారు.

ఈ రోగం దూడల్ని పెద్దగా బాధించదు. ఆరు నెలల లోపు దూడకు సోకినా తేలిగ్గా తట్టుకుంటుంది. వయసు పెరిగేకొద్దీ ప్రమాదం పెరుగుతుంది. రెండేళ్లు దాటిన పశువులో తీవ్రంగా వస్తే, వైద్యం అందనప్పుడు సగం దాకా చనిపోవచ్చు. అంటే మూడేళ్లు మేపి, ఈనించి, పాలు పితికే దశకు తెచ్చిన పశువునే ఇది ఎత్తుకుపోతుంది. రెండు ఎకరాల మెట్ట రైతుకు పంట పోయిన ఏడాది ఇల్లు నడిపేది ఆ పాల డబ్బే. కూలికి వెళ్లే కుటుంబానికి ఉన్న ఒకే ఒక్క ఆస్తి ఆ ఆవు.

పదకొండు లక్షల తొంభై ఏడు వేల అక్షరాలు

జన్యుక్రమం అంటే ఏమిటో కరోనా రోజుల్లో మనందరం విన్నాం. వేరియంట్లు అని రోజూ వార్తల్లో చెప్పేవారు. హైదరాబాద్ సీసీఎంబీలో వైరస్ జన్యుక్రమాన్ని చదివి ఏ రకం తిరుగుతోందో చెప్పేవారు. ప్రతి జీవిలోనూ దాని తయారీ, బతుకు తెరువు అంతా ఎ, సి, జి, టి అనే నాలుగు రసాయన అక్షరాల వరుసలో రాసి ఉంటుంది. ఆ వరుసను మొత్తం చదవడమే జన్యుక్రమ నిర్ధారణ.

అనాప్లాస్మా విషయంలో ఈ పని అమెరికాలోని వాషింగ్టన్ స్టేట్ యూనివర్సిటీలో జరిగింది. ఐడహో రాష్ట్రంలోని సెయింట్ మేరీస్ అనే చోట దొరికిన రకాన్ని తీసుకున్నారు. ఇది ప్రయోగశాల గిన్నెలో పోషకం పోస్తే పెరిగే బాక్టీరియా కాదు. బతికున్న కణం లోపలే పెరుగుతుంది. దాని అక్షరాలు పశువు అక్షరాలతో కలిసిపోకుండా వేరు చేసి, ముక్కలుగా చదివి, ముక్కల్ని మళ్లీ వరుసలో అతికించారు. కెల్లీ బ్రేటన్, గై పామర్, వాళ్ల సహచరులు 2005లో ఫలితం ప్రచురించారు. మొత్తం 11,97,687 అక్షరాలు. ప్రోటీన్లు తయారు చేసే సూచనలు 949.

ఆవు జన్యుక్రమం 2009లో వచ్చింది. అందులో దాదాపు 22 వేల జన్యువులు ఉన్నాయని లెక్కేశారు. 22 వేల జన్యువులున్న ఆవును వెయ్యి కూడా లేని క్రిమి పడగొడుతోంది. ఎలా పడగొడుతోందన్నది ఆ అక్షరాల్లోనే దొరికింది.

క్రిమి ఒంటిమీద ప్రోటీన్లతో చేసిన చొక్కా లాంటిది ఉంటుంది. పశువు రోగనిరోధక శక్తి ఆ చొక్కాను చూసే శత్రువును గుర్తుపడుతుంది. ఆ చొక్కా ప్రోటీన్లకు శాస్త్రవేత్తలు పెట్టిన పొట్టి పేరు ఎంఎస్‌పి. మనం ఢిల్లీ రోడ్ల మీద అడిగిన ఎంఎస్‌పి వేరు, ఇది వేరు! ఈ క్రిమి చొక్కాలో ముఖ్యంగా రెండు ప్రోటీన్ కుటుంబాలే ఉన్నాయని జన్యుక్రమం చూపింది. అందులో ఎంఎస్‌పి-2 అనే దాని సంగతి చూడండి. ఆ ప్రోటీన్‌ను తయారు చేసే చోటు జన్యుక్రమంలో ఒక్కటే ఉంది. దాన్ని మార్చుకోవడానికి కావలసిన అసంపూర్తి నకళ్లు మాత్రం వేరే చోట్ల దాచి ఉన్నాయి. క్రిమి ఆ నకళ్ల నుంచి ముక్కలు తెచ్చి తయారీ చోట అతికిస్తుంది. ఒక్కో అతుకుతో ఒక్కో కొత్త చొక్కా. నాలుగైదు గుడ్డముక్కలతో రకరకాల అతుకుల బొంతలు కుట్టినట్టు, కొద్ది అక్షరాలతోనే లెక్కలేనన్ని వేషాలు వేస్తుంది.

పశువు ఒళ్లు మొదటి చొక్కాను గుర్తుపట్టి క్రిముల్ని చంపేసరికి, వాటిలో చొక్కా మార్చుకున్నవి కొన్ని మిగులుతాయి. అవి మళ్లీ పెరుగుతాయి. ఆరు నుంచి ఎనిమిది వారాలకోసారి ఇదే తంతు. కోలుకున్న పశువు ఒంట్లో క్రిమి జీవితాంతం ఉండిపోవడానికి కారణం ఇదే. చూడటానికి బాగున్న ఆ పశువు నుంచే పిడుదు రక్తం తాగి పక్క పశువుకు రోగం అంటిస్తుంది. ఒక చొక్కాను చూపించి టీకా చేస్తే రేపు మరో చొక్కా ముందు అది పనిచేయదన్నమాట.

టీకా రావడం కష్టమని చెప్పేది ఈ అక్షరాలే. దారి చూపించేదీ ఈ అక్షరాలే. మారే ప్రోటీన్లేవో తెలిశాయి కనుక మారని ప్రోటీన్లేవో కూడా తెలిశాయి. టీకాకు పనికొచ్చేవి ఆ మారనివే. ఇంతకుముందు చీకట్లో తడుముకున్నట్టు ఒక్కో ప్రోటీన్‌ను వెతికేవారు. ఇప్పుడు మొత్తం జాబితా ఎదురుగా ఉంది.

అదే 2005లో దక్షిణాఫ్రికాలోని ఆండర్‌స్టెపోర్ట్ పశువైద్య పరిశోధన సంస్థ మరో పిడుదు బాక్టీరియా జన్యుక్రమాన్ని ప్రచురించింది. ఆఫ్రికాలో, కరీబియన్ దీవుల్లో గొర్రెలు, మేకలు, పశువుల ప్రాణాలు తీసే హార్ట్‌వాటర్ అనే రోగానికి కారణమైన ఎర్లీషియా రూమినాన్షియం అది. 15,16,355 అక్షరాలు. తమ మందల్ని చంపే రోగాన్ని తమ దేశపు ప్రభుత్వ సంస్థే చదివింది. ఈ మాట మన పాలకులు గుర్తుపెట్టుకోవాలి.

టీకా అసాధ్యం కాదు

అనాప్లాస్మాను తేల్చిన థైలరే దానికి అన్నదమ్ముల వరస లాంటి మరో క్రిమిని కూడా కనిపెట్టాడు. పేరు అనాప్లాస్మా సెంట్రేల్. అది సోకితే జబ్బు తేలిగ్గా వస్తుంది, తర్వాత తీవ్ర రోగం నుంచి కాపాడుతుంది. బతికున్న ఆ క్రిమి ఉన్న రక్తాన్నే టీకాగా వందేళ్లకు పైగా వాడుతున్నారు. దక్షిణాఫ్రికా, ఇజ్రాయెల్, ఆస్ట్రేలియాల్లో ఇప్పటికీ వాడుకలో ఉంది. ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ రాష్ట్రంలో ప్రభుత్వ వ్యవసాయ శాఖే వాకోల్ అనే చోట పిడుదు జ్వరాల కేంద్రం పెట్టి ఈ టీకా తయారు చేసి రైతులకు ఇస్తోంది.

లోపాలు లేవని కాదు. రక్తంతో చేసిన టీకా గనుక అందులో మరో రోగక్రిమి కలిసి వచ్చే ప్రమాదం ఉంది. చల్లగా పెట్టి త్వరగా వాడేయాలి. అందుకే ప్రోటీన్‌తో చేసే శుభ్రమైన టీకా కావాలి. సెంట్రేల్ జన్యుక్రమాన్ని కూడా 2010లో చదివారు. రెండు క్రిముల్లోనూ ఒకేలా ఉన్న ప్రోటీన్లేవో పక్కపక్కన పెట్టి చూస్తే, ఆ పాత టీకా ఎందుకు పనిచేస్తోందో తెలుస్తుంది. కొత్త టీకాకు మార్గం అక్కడ ఉంది.

మరో దారి, పిడుదుకే టీకా వేయడం. అంటే పశువుకు టీకా వేస్తే, దాని రక్తం తాగిన పిడుదు దెబ్బతింటుంది. పిడుదు పేగులోని బిఎమ్-86 అనే ప్రోటీన్‌తో ఇది సాధ్యమని ఆస్ట్రేలియా శాస్త్రవేత్తలు చూపారు. 1990లలో ఆస్ట్రేలియాలో, క్యూబాలో ఇలాంటి టీకాలు వచ్చాయి. ఆస్ట్రేలియాలో కంపెనీ అమ్మిన టీకా తర్వాత మార్కెట్లో నిలవలేదు. క్యూబాలో గావాక్ పేరుతో ప్రభుత్వ సంస్థ చేసిన టీకాను పశువుల మందల్లో విస్తృతంగా వాడి, పిడుదుల మందు పిచికారీలు బాగా తగ్గించారు. లాభం లెక్క చూసే చోట ఆగిపోయింది, ప్రజల అవసరం చూసిన చోట సాగింది.

మన దగ్గర కూడా ఉదాహరణ ఉంది. థైలేరియాసిస్‌కు రక్షావాక్-టి అనే టీకాను జాతీయ పాడి అభివృద్ధి బోర్డు అభివృద్ధి చేసింది. దాని అనుబంధ సంస్థ ఇండియన్ ఇమ్యునలాజికల్స్ హైదరాబాద్ కేంద్రంగా పనిచేస్తోంది. మరి ఎన్ని ఊళ్లలో ఆ టీకా వేస్తున్నారు? దాన్ని ద్రవ నత్రజనిలో నిల్వ చేయాలి గనుక ఊళ్లకు చేర్చడం కష్టమంటారు. ఎద కట్టిన ఆవుకు వేసే వీర్యపు స్ట్రాలు ఎందులో తెస్తున్నారు? అదే ద్రవ నత్రజని క్యాన్‌లో. గోపాలమిత్ర బండి మీద సంకరజాతి వీర్యం ఊరూరా తిరుగుతోంది. ఆ వీర్యంతో పుట్టిన దూడను కాపాడే టీకాకు మాత్రం దారి దొరకడం లేదు!

సంకరజాతి మీకు లెక్క, రైతుకు అప్పు

ఇక్కడ అసలు విషయానికి వద్దాం. మన నాటు ఆవులకు పిడుదులు తక్కువ పడతాయి. తోలు, ఒంటి తీరు, పుట్టుకతో వచ్చిన శక్తి అలాంటివి. మన ఒంగోలు జాతిని బ్రెజిల్ వాళ్లు ఓడల్లో తీసుకెళ్లి నెలోర్ పేరుతో కోట్లకు కోట్లు పెంచుకున్నారు. ఆ పేరు మన నెల్లూరు నుంచి వచ్చిందే. ఎండకు, పిడుదులకు తట్టుకునే గుణమే వాళ్లు దాన్ని మెచ్చుకోవడానికి ఒక ముఖ్య కారణం. ఇక్కడ మనం మాత్రం పాల దిగుబడి కోసం జెర్సీ, హోల్‌స్టీన్ సంకరాల వైపు నడిచాం. నడిచాం అనేకంటే నడిపించారు అనడం సబబు. 2019 పశుగణన ప్రకారం దేశంలో విదేశీ, సంకరజాతి పశువులు 5 కోట్లు దాటాయి. 2012తో పోలిస్తే దాదాపు 27 శాతం పెరిగాయి. అదే కాలంలో నాటు పశువులు 6 శాతం తగ్గాయి.

సంకరజాతిని మన సంఘం వ్యతిరేకించడం లేదు. లీటర్ల లెక్క ఇల్లు నడుపుతుందని మనకూ తెలుసు. పిడుదులకూ, పిడుదుల రోగాలకూ ఎక్కువ లొంగే పశువును ప్రోత్సహించినప్పుడు, ఆ రోగాల నుంచి రక్షణ కల్పించే బాధ్యత కూడా ప్రోత్సహించిన వాళ్లదే అంటున్నాం. రుణమిచ్చి, రాయితీ ఇచ్చి, ఫొటో దిగి పశువును చేతికిచ్చారు. రాష్ట్రం దాటి తెచ్చిన పశువు ఒంట్లో అనాప్లాస్మా ఉందో లేదో ఎవరు పరీక్షించారు? రోగం లేని కొట్టానికి క్రిమి ఉన్న పశువును తోలుకొస్తే ఉన్నవాటికి ప్రమాదం. రోగం ఉన్న ఊరికి ఎన్నడూ సోకని పెద్ద పశువును తెస్తే దాని ప్రాణానికే ప్రమాదం. రెండు వైపులా నష్టపోయేది రైతే. పశువు పోయినా వాయిదా మాత్రం కట్టాలి.

2019లో కేంద్రం జాతీయ పశువ్యాధి నియంత్రణ కార్యక్రమం ప్రారంభించింది. గాలికుంటుకు, బ్రూసెల్లోసిస్‌కు టీకాలు వేయడం దాని పని. మంచిదే. ఆ జాబితాలో పిడుదుల రోగాలకు చోటు లేదు. 2022లో ముద్దచర్మ వ్యాధి దేశమంతా పశువుల్ని చంపుతుంటే, ఇక్కడి వైరస్ రకంతోనే మన ప్రభుత్వ శాస్త్రవేత్తలు హిసార్‌లో, ఇజత్‌నగర్‌లో పనిచేసి టీకా రూపొందించారు. అంటే తలుచుకుంటే చేయగలరు. ముసర వ్యాధిని దేశం నుంచి తరిమేసిందీ, 2011లో ప్రపంచం నుంచే లేకుండా చేసిందీ జన్యుక్రమాల ఆర్భాటం కాదు. ఒక్క మంచి టీకా, దాన్ని ఊరూరా ఉచితంగా వేయించిన ప్రభుత్వ యంత్రాంగం. విజ్ఞానం అప్పటికంటే వందరెట్లు పెరిగింది. తగ్గింది పశువైద్యశాలల్లో సిబ్బంది, పాలకుల పట్టుదల.

అక్షరాలు ఎవరి సొత్తు

అనాప్లాస్మా జన్యుక్రమం ఎవరైనా చూడగలిగే అంతర్జాతీయ భాండాగారంలో ఉంది. ప్రజల డబ్బుతో చదివారు, ప్రజల ముందు పెట్టారు. అలాగే ఉండాలి. అయితే ఉచితంగా దొరికిన ఆ విజ్ఞానంతో ఎవరో ఒక కంపెనీ టీకా చేసి, పేటెంటు వేసి, రైతుకు అందని ధర పెట్టకుండా కాపలా ఎవరు? విత్తనం విషయంలో పత్తి రైతు నేర్చుకున్న పాఠం పాడి రైతు కూడా నేర్చుకోవాలి.

జీవుల నుంచి తీసిన జన్యు సమాచారంతో వచ్చే లాభాల్లో వాటా పంచుకోవాలన్న చర్చ జీవవైవిధ్య ఒప్పందం కింద చాలాకాలంగా నడుస్తోంది. 2022లో మాంట్రియల్ సమావేశంలో దీనికోసం ఒక అంతర్జాతీయ ఏర్పాటు, నిధి ఉండాలని దేశాలు ఒప్పుకున్నాయి. మన దేశంలో 2002 నాటి జీవవైవిధ్య చట్టం ఉంది. మన పిడుదులు, మన పశువుల రక్త నమూనాలు, మన ఒంగోలు, పుంగనూరు జాతుల జన్యువులు దేశం దాటి వెళ్తే ఆ లాభంలో రైతుకు చోటుండాలి. లాభంకన్నా ముందు టీకా ఉండాలి.

ఇంకో సంగతి. 2005లో చదివింది ఐడహోలో దొరికిన రకాన్ని. ఈ క్రిమిలో ప్రాంతాన్ని బట్టి రకాలు మారతాయి. కరీంనగర్‌లో, చిత్తూరులో, ప్రకాశంలో తిరిగే రకాలకు సరిపోయే టీకా కావాలంటే ఇక్కడి రకాల్ని విస్తృతంగా చదవాలి. ఆ పని చేయగల సంస్థలు మన గడప ముందే ఉన్నాయి. హైదరాబాద్‌లో జాతీయ పశు బయోటెక్నాలజీ సంస్థ ఉంది, సీసీఎంబీ ఉంది. తిరుపతిలో శ్రీవేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం, రాజేంద్రనగర్‌లో పీవీ నరసింహారావు తెలంగాణ పశువైద్య విశ్వవిద్యాలయం ఉన్నాయి. ఇరవై ఏళ్ల కిందట ఇంత చిన్న క్రిమిని చదవడం కూడా పెద్ద ప్రాజెక్టు. ఈరోజు యంత్రాలు మారాయి, ఖర్చు బాగా పడిపోయింది. లేనిది ఊరి నుంచి ప్రయోగశాల దాకా నమూనా వెళ్లి, అక్కడి నుంచి జవాబు వెనక్కి వచ్చే దారి.

టీకా వచ్చేదాకా మన చేతిలో ఉన్నది

ప్రభుత్వాన్ని అడుగుతూనే మన కొట్టంలో మనం చేయాల్సినవి కొన్ని ఉన్నాయి.

అనాప్లాస్మా పిడుదులతోనే కాదు, జోరీగలతోనూ, రక్తం అంటిన సూదితోనూ పాకుతుంది. ఒకే సూదితో వరుసగా పది పశువులకు ఇంజెక్షన్ చేయనివ్వొద్దు. పశువుకో సూది అడగండి. కొమ్ములు తీసే, విత్తులు కొట్టే, చెవిపోగులు వేసే పనిముట్లను ఒక్కో పశువు తర్వాత శుభ్రం చేయించండి.

మన ఆవుల మీద ఎక్కువగా కనిపించే పిడుదు పశువు ఒంటిమీద సుమారు మూడు వారాలు ఉండి, రక్తం తాగి ఉబ్బిన ఆడది నేల మీద రాలి వేలల్లో గుడ్లు పెడుతుంది. ఒంటిమీద కనిపించేవి కొన్నే. ఎక్కువ భాగం గడ్డిలో, నేలమీద, గోడ పగుళ్లలో ఉంటాయి. పశువుకు మాత్రమే మందు కొట్టి కొట్టాన్ని వదిలేస్తే పదిహేను రోజుల్లో మళ్లీ మొదలు. పగుళ్లు పూడ్చండి, పేడ, చెత్త ఎత్తేయండి. కొట్టంలో నాలుగు నాటుకోళ్లు తిరిగితే అవి కూడా పిడుదుల్ని ఏరుకు తింటాయి.

పిడుదుల మందు డాక్టరు చెప్పిన మోతాదులోనే కలపండి. డెల్టామెత్రిన్, సైపర్‌మెత్రిన్ లాంటి మందులకు లొంగని పిడుదులు మన దేశంలో ఇప్పటికే ఉన్నాయి. పలచగా కలిపి, ఏళ్ల తరబడి ఒకే మందు కొట్టడం వల్ల ఇలా అవుతుంది. పాలిచ్చే పశువుకు దుకాణంలో అడిగి ఐవర్‌మెక్టిన్ సూది వేయించవద్దు. ఆ మందు పాలలోకి వస్తుంది. పిడుదుల్ని చేత్తో నలపకండి. పీకి కిరోసిన్‌లోనో సబ్బునీళ్లలోనో వేయండి.

కొత్తగా కొన్న పశువును కనీసం నెల రోజులు వేరుగా కట్టేసి, రక్తం పరీక్ష చేయించండి. జ్వరం, పాలిపోయిన కన్ను, పసుపు తిరిగిన పొర కనిపిస్తే ఆలస్యం చేయకుండా డాక్టరును పిలవండి. 1962కు ఫోన్ చేస్తే సంచార పశువైద్య వాహనం వస్తుంది. ఆక్సిటెట్రాసైక్లిన్ వంటి మందులకు ఈ క్రిమి లొంగుతుంది, మొదట్లో ఇస్తేనే ఫలితం. రక్తం పడిపోయిన పశువును ఎండలో నడిపించి ఆసుపత్రికి తోలకండి. ఆ ఆయాసానికే పడిపోయి చనిపోవచ్చు. మందు వాడిన రోజుల్లో పాలు ఎన్నాళ్లు పోయకూడదో డాక్టరును అడిగి పాటించండి.

మన డిమాండ్లు

ఇవి మన జాగ్రత్తలు. ప్రభుత్వ బాధ్యతకు ఇవి బదులు కావు. ఈ విషయంలో మన సంఘం ముందు పెడుతున్న డిమాండ్లు ఇవి:

ఒకటి, పిడుదుల రోగాలను జాతీయ పశువ్యాధి నియంత్రణ కార్యక్రమంలో చేర్చాలి.

రెండు, ప్రతి మండల పశువైద్యశాలలో రక్తపు స్లైడు చూసే సూక్ష్మదర్శిని, చూడగలిగిన టెక్నీషియన్ ఉండాలి. స్లైడులో దొరకని పాత రోగాన్ని పట్టే పీసీఆర్ పరీక్ష జిల్లా స్థాయిలో ఉచితంగా చేయాలి.

మూడు, ప్రభుత్వ పథకాల కింద పంచే, రుణంతో కొనిపించే ప్రతి పశువుకూ పంపిణీకి ముందే అనాప్లాస్మా, థైలేరియా, బెబీసియా పరీక్షలు చేసి ఫలితం రైతు చేతికి ఇవ్వాలి.

నాలుగు, రెండు రాష్ట్రాల్లో తిరుగుతున్న రకాల జన్యుక్రమాలను మన ప్రభుత్వ సంస్థలు, విశ్వవిద్యాలయాలు కలిసి చదవాలి. ఫలితాలను తెలుగులో ప్రచురించాలి. వాటి ఆధారంగా ప్రభుత్వ రంగంలోనే టీకా పరిశోధనకు నిధులివ్వాలి.

ఐదు, ఇప్పటికే ఉన్న థైలేరియా టీకాను కృత్రిమ గర్భధారణ కేంద్రాల ద్రవ నత్రజని ఏర్పాటు ద్వారా సంకరజాతి దూడలన్నిటికీ ఉచితంగా వేయాలి.

ఆరు, పశువైద్య శాఖలో ఖాళీలు భర్తీ చేయాలి. డాక్టరు లేని ఆసుపత్రిలో ఏ జన్యుక్రమమూ పశువును బతికించదు.

ఈ నెలాఖరులోగా ప్రతి గ్రామ శాఖ తమ ఊళ్లో గడిచిన ఏడాదిలో జ్వరం, కామెర్లు, ఎర్రమూత్రంతో పోయిన పశువుల వివరాలు రాసిపెట్టండి. వయసు, జాతి, ఎక్కడ కొన్నది, ఏ వైద్యం చేయించినది, పరీక్ష చేశారా లేదా అన్నవి ఉండాలి. మండల కమిటీలు వాటిని క్రోడీకరించి పశుసంవర్ధక శాఖ జిల్లా అధికారికి వినతిపత్రంతో కలిపి ఇవ్వాలి, నకలు మన కార్యాలయానికి పంపాలి. లెక్క లేని చావుకు బడ్జెట్ లేదు. లెక్క కాగితం మీదికి ఎక్కితే కాదనడం వాళ్లకు అంత తేలిక కాదు.

క్రిమి పదకొండు లక్షల తొంభై ఏడు వేల అక్షరాలు చదవడానికి మనుషులు దొరికారు, డబ్బు దొరికింది. ఆ క్రిమి చంపిన పశువు పేరు మీద రైతు రాసే ఒక్క పేజీ అర్జీని చదివే అధికారి కూడా దొరకాలి. దొరికేదాకా అడుగుదాం.